సాక్షులకు పెట్టిన అన్నం

మా ముత్తాత మా ఊరు ఎల్లారెడ్డి చుట్టుపట్ల పన్నెండు ఊళ్లకు దేశముఖు. ఆయన తండ్రి కాలంలో కోటలాంటి మా గడికి రెండు పల్లకీలు, ఒక ఏనుగు ఉండేవట. ఏనుగు ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. దాని అంబారీ మాత్రం నా చిన్నతనం దాకా పశువుల కొట్టంలో ఉండేది, అందులో కోళ్లు గుడ్లు పెట్టేవి. మా తాత నడిచి వస్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారు. ఆయన చేతిలో నల్లటి కర్ర ఒకటి ఉండేది, దానికి వెండి పిడి, మూడు వెండి కట్లు. ఆయన తరువాత అది మా నాన్న చేతికి, నాన్న కాలు పట్టేసి ఇల్లు కదలడం మానేశాక నా చేతికి వచ్చింది. ఇవన్నీ గొప్ప కోసం చెప్పడం లేదు. ఇవి తెలియకపోతే నేను చేసిన తప్పు ఏమిటో అర్థం కాదు.

దసరానాడు జమ్మి కొమ్మ మొదట ఎవరు కొట్టాలన్న దాని మీద మా తాతకూ ఆయన దాయాదికీ వ్యాజ్యం నడిచింది. ఎల్లారెడ్డిలో మొదలై హైదరాబాదు దాకా పోయింది. మా తాత తన వైపు సాక్షులను, వాళ్ల బండ్లతో సహా, నెలల తరబడి తన ఖర్చుతో పోషించాడు. పట్నంలో ఒక ఇల్లు అద్దెకు తీసుకుని ఇద్దరు వంటవాళ్లను పెట్టాడు. చివరికి గెలిచాడు. గెలిచినవాడి ఖర్చులు ఓడినవాడు ఇచ్చుకోవాలని తీర్పులో ఉంది. ఆ ఖర్చుల పట్టీ మీద సంతకం చేయమని వకీలు కాగితం తెస్తే మా తాత దాన్ని చూడనైనా లేదట. "నేను పెట్టిన అన్నానికి గింజలు లెక్కవెట్టి దాయాదిని అడుగుతనా?" అన్నాడట. ఆ మాట మా ఇంట్లో చాలాకాలం వేదవాక్కు. ఆ వ్యాజ్యంలో చేసిన అప్పులకు ఊరి తరువాత ఊరు పోయింది. దసరానాడు జమ్మి మొదట కొట్టే హక్కు మాత్రం ఇప్పటికీ మాదే.

నాకు ఇరవై రెండేళ్లు వచ్చేసరికి మాకు మిగిలింది ఎల్లారెడ్డిలో గడి, దాని వెనక దొడ్డి, చెరువు కింద కాస్త మాగాణి. నిజాంసాగరు కట్ట పూర్తయి కొన్నేళ్లయింది. కాలువ నీళ్లు వచ్చిన పొలాలు కళకళలాడుతున్నాయి, అవేవీ మావి కావు. ఇంట్లో మౌల్వీని పెట్టి నేర్పించిన ఉర్దూ ఒక్కటే నా దగ్గర అమ్ముడుపోకుండా మిగిలిన ఆస్తి. కచేరీ కాగితాలన్నీ ఉర్దూలోనే నడిచే రోజులవి. కామారెడ్డిలో ఒక వకీలు సాబు నన్ను గుమాస్తాగా పెట్టుకున్నాడు. నాన్నకు ఆ మాట మింగుడు పడలేదు.

"ఎవరు ఎంత తిన్నరో రాసుకుంట కూసునుడు మన ఇంట్ల ఎవరన్న చేసిండ్రా?" అన్నాడు.

"చేసి ఉంటే బాగుండేది," అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. కర్ర తీసుకుని బస్సెక్కాను.

వకీలు సాబు వాదించేవాడు, కాగితాలు నడిపేది మాత్రం ఆయన దగ్గర ముప్ఫై ఏళ్లుగా ఉన్న పెద్ద గుమాస్తా. సన్నటి తురక పెద్దమనిషి, తెల్లటి షేర్వానీ, కళ్లజోడుకు ఒకవైపు దారం. నేను ఆయన్ని ఉస్తాద్ అనేవాణ్ణి. ఆయన నన్ను మొదటిరోజు నుంచీ దొరవారూ అనే పిలిచాడు, అది మర్యాదా వెక్కిరింతా అన్నది రోజును బట్టి మారేది. నేను కర్ర పట్టుకుని మెట్లెక్కుతుంటే, "ముందు కర్ర వస్తది, ఎన్క దొరవారొస్తరు. లేవుండ్రి," అని మిగతా గుమాస్తాలకు చెప్పేవాడు. ఎవరూ లేచేవారు కారు.

ఆయన చేతిలో ఉన్న విద్య ఖర్చుల పట్టీ. వ్యాజ్యం గెలిచాక, దాఖలు చేసిన రోజు నుంచి తీర్పు రోజు దాకా కక్షిదారుకు చట్టప్రకారం రావలసిన ప్రతి ఖర్చునూ ఒక్క కాగితం మీదికి తేవాలి. స్టాంపు, సమను మోసుకుపోయిన కచేరీ జవానుకు కట్టిన తల్బానా, నకళ్లు, వకీలు రుసుము. ఎక్కువ రాస్తే మున్సిఫు కొట్టేస్తాడు, కక్షిదారు మాట మీద నమ్మకం పోతుంది. తక్కువ రాస్తే ఎవరూ పట్టించుకోరు, ఆ నష్టం కక్షిదారు మౌనంగా మోస్తాడు. అందుకే తక్కువ రాసేవాడు పెద్ద దొంగ అనేవాడు ఉస్తాద్.

ఆయన పద్ధతి ఇది. జంపఖానా మీద మిసిలంతా, అంటే కేసు కాగితాల కట్టంతా, తారీఖుల వరుసలో పరిచేవాడు. డబ్బీలోంచి చింతగింజలు తీసి, ఖర్చు ఉన్న ప్రతి కాగితం మీద ఎన్ని ఖర్చులుంటే అన్ని గింజలు పెట్టేవాడు. తరువాత గింజలన్నీ ఒకచోటికి తోసి లెక్కపెట్టేవాడు. పట్టీలో ఎన్ని పంక్తులున్నాయో గింజలూ అన్నే ఉండాలి. నేను ఇంగ్లీషు పద్ధతిలో గళ్లు గీసుకుని రాస్తానంటే, "గీసుకో, గీసుకో. ఆఖరుకు గింజలే సచ్చెం జెప్తయి," అన్నాడు. రెండేళ్లు అట్లా నేర్చుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ పని నాకు నచ్చింది. ఒక మిసిలు మొత్తం కళ్ల ముందు పరుచుకుంటే, ఎవరు ఏ రోజు ఎంత దూరం నుంచి వచ్చారో, ఎవరు రాలేదో, ఏ వాయిదాకు ఎందుకు వాన అడ్డమొచ్చిందో అంతా కనబడేది. పట్టీ చివర గీత గీసినప్పుడు పొలం దున్ని ఒడ్డుకు వచ్చినంత తృప్తిగా ఉండేది.

ఆ పని సొంతంగా చేయాలంటే సనదు, అంటే కచేరీ ఇచ్చే అనుమతి పత్రం, కావాలి. ఎల్లారెడ్డి మున్సిఫు గారి ముందు నిలబడి, తాను సొంతంగా రాసిన ఒక పట్టీ చూపించి, ఆయన అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పాలి. నా వంతు ఒక ఎండాకాలంలో వచ్చింది. నాకు ఇచ్చిన మిసిలు గాంధారి దగ్గరి ఒక విధవరాలిది.

ఆమెది చిన్న సేద్యం. మొగుడు పోయాక బావిలో ఆమె వాటాను మరిది తొక్కిపెట్టాడు. ఆమె వ్యాజ్యం వేసి గెలిచింది. గెలవడానికి తన జోడెద్దులను ఒక షావుకారు దగ్గర తాకట్టు పెట్టింది. మిరుగం, అంటే మృగశిర కార్తె, వచ్చేలోపల డబ్బు కడితే ఎద్దులు వాకిట్లోకి వస్తాయి, లేకపోతే షావుకారువే. బావి గెలిచి ఎద్దులు పోతే ఆ నీళ్లు తోడేదెవరు, ఆ నేల దున్నేదెవరు? మరిది నుంచి రావలసిన ఖర్చుల డబ్బు ఒక్కటే ఆమెకు దారి. మిరుగానికి ఇంకా పదిహేను రోజులున్నాయి. శనివారం నాడు తీర్పు కాగితం మీద మున్సిఫు ముద్ర పడుతుంది, పట్టీలో ఉన్నంతే అందులోకి ఎక్కుతుంది. ముద్ర పడ్డాక మార్చాలంటే మళ్లీ కొత్త అర్జీ, కొత్త వాయిదా.

గురువారం మధ్యాహ్నం నా పట్టీని ఉస్తాద్ ముందు పెట్టాను. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని నాకే అనిపించింది. ఆయన మిసిలు పరిచి గింజలు పెట్టాడు. లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

"ఆరు గింజలు జాస్తి ఉన్నయి దొరవారూ," అన్నాడు. "నీ పట్టీ తక్కువుందా, నా గింజలు ఎక్కువున్నయా?"



ఆ గింజలు రెండేసి చొప్పున పెట్టిన మూడు కాగితాలను ఆయన వేరుగా తీశాడు. మూడు వాయిదాలకు సాక్షులు హాజరైనట్టు మున్సిఫు గారి చేతిరాత ఉన్న కాగితాలు. సాక్షులకు తిండి ఖర్చు, దానికి కచేరీలో ఖురాకీ అని పేరు, ఇంత అని కట్టడి ఉంది, బండి కిరాయి కూడా ఉంది. నేను ఒక్క పైసా రాయలేదు.

"మర్సిపోయినవా?"

"మరిచిపోలేదు ఉస్తాద్. ఆమె సొంతంగ సద్ది కట్టి తెచ్చి పెట్టింది. ఇంటి మనుషుల్లెక్క చూసుకున్నది. దానికి లెక్క రాసుడేంది?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆ ఎడ్లు నీయా?" అన్నాడు మెల్లగా.

"కాదు."

"మరి నువ్వెట్ల దానం జేస్తివి?"

నేను జీవితంలో తిన్న దెబ్బల్లో అంత మెల్లగా తగిలింది మరొకటి లేదు. అప్పుడే చెప్పాడు, సాక్షులు ఎవరెవరో, తిండి, బండి పెట్టుకున్నది తనేనని ఆమె వేలిముద్రతో హలఫ్నామా, ప్రమాణపత్రం, ఉంటే తప్ప కచేరీ ఒప్పుకోదని. మరునాడు శుక్రవారం, నిజాం కచేరీలకు సెలవు. "ఒక్క దినం ఉన్నది," అన్నాడు, గింజలు డబ్బీలో పోసుకుంటూ. "కర్ర తీస్కపో. కుక్కలుంటయి."

శుక్రవారం పొద్దున సడకు మీద బస్సు దిగి బండిదారి పట్టాను. మా వంశంలో గాంధారికి నడిచి వెళ్లినవాళ్లలో నేనే మొదటివాణ్ణి అనుకుంటాను. మోదుగు చెట్లు తప్ప దారిలో నీడ లేదు. తండాల దగ్గర కుక్కలు నిజంగానే ఉన్నాయి. ఆమె ఇల్లు చేరేసరికి వాకిట్లో చాట ముందేసుకుని చింతపండులోంచి గింజలు తీస్తున్నది. నన్ను చూసి కొంగు సవరించుకుని లేచింది.

"ఏంది దొరా, గింత ఎండల వస్తిరి? కేసు తిరగవడ్డదా?"

"లేదు. నీ వేలిముద్ర కావాలె."

"ఏసుకోండ్రి. ముందుగాల మంచినీళ్లు తాగుండ్రి."

నీళ్లు తాగి సంగతి చెప్పాను. ఆమె మొదట అర్థం కానట్టు చూసింది, తరువాత నవ్వింది.

"నా తరఫున మాట సెప్పనీకి వచ్చినోళ్లకు బువ్వ వెడితె, దానికి పైసలడుగుడా? ఊరంత నవ్వదా?"

"అడిగేది వాళ్లను కాదు. మీ మరిదిని."

"గాయన్ని అడుగుతె ఇంక నవ్వుతది. నేను వెట్టిన బువ్వ గాయన పైసలతోని వెట్టినట్టయితది గద."

 గురువారం దాకా నేను అనుకున్నది ఇదే. ఎండలో అంత దూరం నడిచి వచ్చి, నా మాటే మరొకరి నోటి వెంట విని, అది ఎంత అందంగా ఉందో ఎంత ప్రమాదంగా ఉందో ఒకేసారి చూశాను.

ఆమె లోపలికి పోయి జొన్నరొట్టె, చింతకాయ తొక్కు తెచ్చింది. అప్పటిదాకా నేను కక్షిదారు ఇంట్లో చెయ్యి కడగలేదు. తినను అనబోయాను. ఆకలి అననివ్వలేదు.

"తినుండ్రి," అన్నది. "ఇది గూడ రాస్తరా?"

పక్కింటి ముసలాయన ఒకడు గోడ అవతల దగ్గుతూ ఇదంతా వింటున్నాడు. ఆమె సాక్షుల్లో ఆయనే పెద్ద. "రాస్తడే, రాస్తడు," అన్నాడు. "తొక్కుకు వేరె, రొట్టెకు వేరె."

నేను రొట్టె పూర్తిగా తిన్నాను. చెయ్యి కడుక్కుని, అంతవరకు బయటివాళ్లకు ఎవరికీ చెప్పని మాట చెప్పాను.

"మా తాత జమ్మి కేసు గెలిచిండు. మీరన్న మాటే అన్నడు. పెట్టిన అన్నానికి పైసలడుగుతనా అన్నడు. మా పన్నెండు ఊళ్లు పోయినయి. గందుకే నేను నడుసుకుంట వచ్చిన."

గోడ అవతల ముసలాయన దగ్గు ఆగిపోయింది. ఆమె చాటలోకి చూస్తూ ఒక గింజ తీసింది, ఇంకొకటి తీసింది.

"ఎడ్లు సుత పోతయంటరా?"

"మిరుగం లోపల పైసలు కట్టకుంటె పోతయి."

 ఆమె తీసిన గింజల్లోంచి అయిదు వేరు చేసి నా ముందు పెట్టింది.

"మొదటి వాయిదకు అయిదుగురు. పప్పు జేసిన. రెండో వాయిదకు ఒకాయనకు జొరమొచ్చె, నలుగురే. మూడో దానికి ఆరుగురు, రొట్టెలు సాలక అక్కడ దుకాన్ల అటుకులు కొన్న. రాయండ్రి."

చేసిన వంటను బట్టి ఆమెకు ప్రతి వాయిదా గుర్తుంది. మిసిలులోని మున్సిఫు చేతిరాతతో సరిచూస్తే ఒక్క మనిషి తేడా రాలేదు. అడగడం మొదలుపెట్టాక ఆమెకు అదే అలవాటైంది.

"ఆకువక్కలు గూడ రాయండ్రి. తంబాకు గూడ. గీ ముసలోడు తంబాకు లేంది నోరు దెరుస్తడా?"

"ఏమే, నా తంబాకు మీదికి రాకు," అన్నాడు గోడ అవతలి మనిషి.

ఆకువక్క, తంబాకు కట్టడిలో లేవని నాకు తెలుసు. అయినా రాశాను. ఆమె చెబుతుంటే ఆపబుద్ధి కాలేదు. ఊరి లెక్కలు రాసే పట్వారీని పిలిపించి అతని సిరాతో ఆమె వేలిముద్ర వేయించి, సాక్షిగా అతని సంతకం తీసుకున్నాను. ముసలాయన బండి కట్టి నన్ను ఎల్లారెడ్డి దారిన తీసుకుపోయాడు. బండి కదులుతుంటే ఆమె వెనక నుంచి అడిగింది, "దొరా, గీ బండి రాసిండ్రా?"

శనివారం పొద్దున కచేరీ. ఎండాకాలం కాబట్టి ఏడు గంటలకే మొదలైంది. ఉస్తాద్ మొదటి బస్సుకు కామారెడ్డి నుంచి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. మున్సిఫు గారు హైదరాబాదు మనిషి, మాటలు తక్కువ. నేను హలఫ్నామాతో పాటు ఇచ్చిన పాత పట్టీ, రాత్రి తిరగరాసిన కొత్త పట్టీ పక్కపక్కన పెట్టుకుని చదివారు. ఉర్దూలో అడిగారు.

"ఈ ఖురాకీ మొదటి పట్టీలో ఎందుకు లేదు?"

ఉస్తాద్ ఏదో చెప్పబోయాడు. నేనే చెప్పాను.

"నేనే వదిలేశాను హుజూర్. అడగడం సిగ్గనిపించింది."

"సిగ్గు ఎవరికి? ఆమెకా?"

"నాకు."

"అంటే ఆమె డబ్బుతో నీ పరువు నిలబెట్టుకున్నావు."

"అవును హుజూర్."

ఆయన మళ్లీ కాగితంలోకి చూశారు. ఎర్ర సిరా కలం తీసి ఆకువక్కను, తంబాకును కొట్టేశారు. "ఇది కచేరీ, పెళ్లిపందిరి కాదు," అన్నారు. హలఫ్నామా మీద ముందురోజు తారీఖు చూసి, గాంధారికి పోయి వచ్చిన ఖర్చు పట్టీలో ఎందుకు రాయలేదని అడిగారు. తప్పు నాది, దాని దారిఖర్చు ఆమె మరిది ఎందుకు ఇవ్వాలి అన్నాను. ఇక ఆయన ఏ ప్రశ్నా వేయలేదు. కచేరీ కాగితాలు చూసే సరిష్తేదారు వైపు తిరిగి, ఇతని పేరు సనదుకు రాయండి అన్నారు. అంతే నా పరీక్ష.

వరండాలో ఉస్తాద్ నన్ను కిందికీ మీదికీ చూశాడు. "కర్ర ఏది?"

"ఇంట్ల పెట్టిన."

"అందుకే ఇయ్యాల దొరవారు జల్ది కనవడ్డరు," అన్నాడు. జేబులోంచి చింతగింజల డబ్బీ తీసి నా చేతిలో పెట్టాడు. అది ఇప్పటికీ నా బల్ల మీద ఉంది.

మరిది మొదట కట్టనన్నాడు. తన బండి జప్తుకు కచేరీ జవాను వస్తాడని తెలిసి, ఎనిమిదో రోజు డబ్బు దాఖలు చేశాడు. మిరుగానికి మూడు రోజుల ముందు ఎద్దులు ఆమె వాకిట్లోకి వచ్చాయి. ఖురాకీ లేకుండా నేను రాసిన మొదటి పట్టీ ముద్ర పడి ఉంటే షావుకారు బాకీకి తక్కువ పడేది. ఎంత తక్కువో లెక్క వేసి చూసుకున్నాను, ఆ తక్కువకు ఒక ఎద్దునైనా షావుకారు ఉంచేసుకునేవాడు. ఆ వానాకాలం పంట చేతికొచ్చాక ఆమె ముసలాయనతో కొత్త జొన్నలు ఒక మూట పంపింది. ఇది రాయవలసిన పని లేదని చెప్పి పంపిందట. మా అమ్మ ఆ జొన్నలతో రొట్టెలు చేస్తే నాన్న రెండు అడిగి తిన్నాడు.

సనదు చేతికి రావాలంటే కచేరీ ఖజానాలో జమానతు, అంటే పూచీకత్తు డబ్బు, కట్టాలి. పేరు రాసిన రోజు నుంచి నెల గడువు ఇచ్చారు. వకీలు సాబు అప్పు ఇస్తానన్నాడు. అప్పు చేసి మొదలుపెట్టడం నాకు ఇష్టం లేదు, మా ఇంట్లో అప్పుతో మొదలైన పనులు ఎట్లా ముగిశాయో చూశాను. నాన్నతో చెప్పాను. గాంధారి సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను, తాత పేరెత్తి ఆ వాకిట్లో నేను అన్న మాటతో సహా. కోప్పడతాడనుకున్నాను.  ఆయన మూలకు చెయ్యి చాపి కర్ర అందుకుని, పిడిని పంచె కొంగుతో ఒకసారి తుడిచి నాకు ఇచ్చాడు.

"తూకం దగ్గరుండి చూసుకో," అన్నాడు.

కామారెడ్డిలో కంసాలి వెండి పిడినీ మూడు కట్లనూ విప్పి తూచాడు. పదకొండు తులాలు తూగాయి. ఆ రోజు ధరకు వెండి అమ్మి జమానతు కట్టాను, కర్రను ఎవరూ కొనలేదు.